సీసం తూకానికి అమ్మాం, చరిత్ర ఊరికే ఇచ్చేశాం!

చల్లపల్లి సెంటర్లో నిలబడి ఎవరినైనా అడగండి: ఈ ఊళ్లో మొదట అచ్చుయంత్రం పెట్టిందెవరు? ఏ సంవత్సరం? మొదట అచ్చయిన కాగితం ఏది? పెళ్లి శుభలేఖా, ఎస్టేటు రసీదా, నాటకం కరపత్రమా? జవాబు రాదు. రాజావారి కోట ఎక్కడో చూపిస్తారు. ఘంటసాల బౌద్ధ స్తూపం గురించి చెబుతారు. శ్రీకాకుళం ఆంధ్ర విష్ణువు కథ పూసగుచ్చినట్టు చెబుతారు. రెండువేల ఏళ్ల నాటి సంగతి నోటికొచ్చు. నూరేళ్ల నాటి అచ్చు సంగతి ఒక్కరికీ తెలీదు.

తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. దాచాల్సినవాళ్లు దాచలేదు.

ఈ దివిసీమ దారుల్లో తిరుగుతూ ఒక పాత ప్రెస్సు యజమానిని కలిశాం. ఆఫ్‌సెట్ వచ్చాక ట్రెడిల్ మూలనపడింది. సీసపు టైపు ఏం చేశారని అడిగాం. "ఏం చేస్తాం బాబూ, తూకానికి వేశాం" అన్నాడు. చెక్క కేసులు? పొయ్యిలోకి పోయాయి. పాత ప్రూఫులు, రసీదు పుస్తకాల నకళ్లు? చెద తిన్నది తినగా మిగిలినవి చిత్తుకాగితాల బండిలోకి వెళ్లాయి. ఆయన్ని తప్పుపట్టే మొహం మాకు లేదు. కొంటామని వెళ్లిన పాత ఇనుము వ్యాపారి ఒక్కడే. కొంటామని వెళ్లిన విశ్వవిద్యాలయం లేదు, ప్రభుత్వం లేదు, మనమూ లేం.

'మొదటి పుస్తకం' గోల

తెలుగు అచ్చు చరిత్ర మీద రాసేవాళ్లు లేకపోలేదు. ఉన్నారు. కానీ చాలామందికి ఒకటే యావ: మొదటిది ఏది? జర్మనీలో హాలే పట్నంలో 1746-47లో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన క్రైస్తవ పుస్తకాలు మొదటివంటారు. సరే, ఒప్పుకుందాం. గోవాలో 1556లోనే ముద్రణాలయం వచ్చింది. తమిళం 1578లో కొల్లంలో అచ్చెక్కింది. 1712లో తరంగంబాడికి ప్రెస్సు దిగింది. మన అక్షరం మాత్రం సముద్రాలు దాటివెళ్లి హాలేలో సీసంలోకి మారింది. ఇది నిజం. ఇందులో మనం గర్వపడాల్సింది లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

కానీ 'మొదటిది ఏది' అన్న ప్రశ్న దగ్గరే చరిత్ర ఆగిపోతే ఏమవుతుంది? కథలో దొరలే మిగులుతారు. హాలేలో షుల్జ్, శ్రీరాంపూర్‌లో కేరీ, మద్రాసులో కాంబెల్, ఆ తర్వాత బ్రౌన్. పాదిరి, కలెక్టరు, జడ్జి. మరి తెలుగువాళ్లు ఏం చేస్తున్నారు? దొరగారు అక్షరాలు పోతపోయిస్తుంటే పక్కన విసనకర్ర పట్టుకుని నిలబడ్డారా?

ఈ మాట అంటే కొందరు పెద్దలకు కోపం వస్తుంది. దొరల శ్రమను తక్కువ చేస్తున్నామంటారు. మేము తక్కువ చేయడం లేదు. బ్రౌన్ లేకపోతే వేమన ఇవాళ మన చేతుల్లో ఈ రూపంలో ఉండేవాడు కాదు, ఆ రుణం తీరేది కాదు. జె.మంగమ్మ గారు 1746 నుంచి 1857 దాకా తెలుగు అచ్చుకు యూరోపియన్లు చేసిన సేవ మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1975లో వచ్చింది. దాన్ని నెల్లూరు నుంచి బంగోరె ప్రచురించాడు. బ్రౌన్ లేఖల కోసం, కాగితాల కోసం ఆ మనిషి ఎంత తిరిగాడో తెలిసినవాళ్లకు తెలుసు. వాళ్లు వేసిన దారి అది. ఆ దారిలో తర్వాతి వాళ్లు రెండో వైపు కూడా నడవాలి కదా? నడవలేదు. అదే మా తగాదా.

బందరు వర్తకుడి పేరు ఎవరికి తెలుసు?

మామిడి వెంకయ్య. ఈ పేరు మన బడిపిల్లల్లో ఎంతమంది విన్నారు? బందరు మనిషి. కోమటి. వర్తకం చేసుకునే ఇంట పుట్టి తెలుగుకు నిఘంటువు కూర్చాడు. దాని పేరు ఆంధ్రదీపిక. 19వ శతాబ్దం తొలి ఏళ్ల మాట ఇది. అప్పటికి బ్రౌన్ చిన్నపిల్లవాడు. మద్రాసులో కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే సెయింట్ జార్జి కోట కళాశాల ఇంకా పుట్టనే లేదు. అది పుట్టింది 1812లో.

ఆ కళాశాల వాళ్లు వెంకయ్య పనిని తీసుకున్నారు. 1816లో ఎ.డి.కాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దానికి ఎల్లిస్ దొర ఒక ముందుమాట రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం కన్నడాలతో కలిసి అది వేరే కుటుంబమని వాదించిన రాత అది. కాల్డ్‌వెల్ గ్రంథం 1856లో వచ్చింది. అంటే దానికి నలభై ఏళ్ల ముందే ఆ మాట అచ్చులో ఉంది. ఆ వాదంలో ఎల్లిస్ ఎవరి మాట సాక్ష్యంగా తెచ్చుకున్నాడు? మన బందరు మామిడి వెంకయ్య మాట. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మన లాక్షణికులు మాటల్ని విడదీసిన తీరును వెంకయ్య రాసిపెట్టాడు. ఎల్లిస్ దాన్ని ఎత్తి చూపించాడు. దేశ్యం అనే ఆ ఒక్క మాటలోనే తెలుగుకు సొంత వేరు ఉందన్న సంగతి ఉంది.

ద్రావిడ భాషా కుటుంబమనే ఆలోచన ఒక దొర బుర్రలోనే మెరిసిందని చదువుకున్నాం. ఆ మెరుపుకు కట్టె అందించింది బందరు. 1821లో కాంబెల్ పేరు మీద నిఘంటువు వచ్చింది. దాని వెనక కూడా వెంకయ్య శ్రమ ఉంది. అట్ట మీద ఎవరి పేరుంది? లోపల ఎవరి చెమటుంది? ఈ రెండూ వేరువేరని చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు, కౌలు చేసిన ఏ రైతునడిగినా చెబుతాడు.

ఒక్క వెంకయ్యే కాదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ పాదిరీలకు సువార్తలు తెలుగు చేసిపెట్టింది ఆనందరాయర్. శ్రీరాంపూర్‌లో అవి అచ్చయ్యాయి. 1820లలో బందరులో ఉద్యోగం చేసిన బ్రౌన్‌కు తర్వాతి రోజుల్లో ప్రతులు సరిచూసిపెట్టింది జూలూరి అప్పయ్య లాంటి పండితులు. నెలజీతానికి కూచుని, తాటాకు ప్రతి పక్కన ప్రతి పెట్టుకుని, పాఠం తేల్చి, శుద్ధప్రతి రాసిచ్చిన చేతులవి. ఆ శుద్ధప్రతి లేకపోతే కంపోజిటరు దేన్ని చూసి అక్షరాలు పేర్చేవాడు?

వెంకయ్య దగ్గర మాట తీసుకున్నారు. అప్పయ్య దగ్గర పాఠం తీసుకున్నారు. కంపోజిటరు దగ్గర కళ్లు తీసుకున్నారు. వాళ్ల పేర్లు మాత్రం అడుగున చిన్నక్షరాల్లో పెట్టారు. కంపోజిటరుకు ఆ చిన్నక్షరం కూడా దక్కలేదు.

పువ్వు అచ్చువేసిన ఊళ్లకు అక్షరం ఎందుకు రాలేదు?

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పండితులు అడగరు, మనం అడుగుదాం. బందరు, పెడన ఊళ్లు చెక్క మీద పువ్వులు చెక్కి, రంగులద్ది, బట్ట మీద అచ్చువేసిన ఊళ్లు. ఈ తీరం అద్దకం బట్ట కోసం పర్షియా నుంచి వర్తకులొచ్చారు. 17వ శతాబ్దం మొదటి దశాబ్దంలో డచ్చివాళ్లు దిగారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ దిగింది. టేకుచెక్క మీద వెంట్రుకంత గీత చెక్కగల చేతులున్న సీమ ఇది. అలాంటి సీమకు అచ్చు అక్షరం ఎందుకు అంత ఆలస్యంగా వచ్చింది? మనవాళ్లకు తెలివి లేకనా?

కాదు. అచ్చు ఎక్కడుంటుందో నిర్ణయించింది తెలివి కాదు, సర్కారు. కంపెనీ తన కచేరీలను, కళాశాలను, కోర్టును మద్రాసులో పెట్టుకుంది. ప్రెస్సు కూడా అక్కడే పెట్టుకుంది. ఆర్డర్లన్నీ అక్కడే పుట్టాయి, కాగితం అక్కడే దిగింది. పైగా తెలుగు టైపంటే ఇరవయ్యారు అక్షరాల ఇంగ్లీషు కేసు కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు కలిపితే వందల గళ్లు కావాలి. ఒక పూర్తి కేసు పోతపోయించడమంటే పెద్ద పెట్టుబడి. సర్కారు పని దొరికే చోటే ఆ పెట్టుబడి గిట్టుతుంది. అందుకే 1854లో వావిళ్ల వారు ప్రెస్సు పెట్టుకున్నది మద్రాసులో. అందుకే కందుకూరి 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు రాజమండ్రిలో రాసి మద్రాసులో అచ్చువేయించాల్సి వచ్చింది. సొంత ప్రెస్సు ఆ తర్వాతే పెట్టుకోగలిగాడు.

అంటే ఏమిటి? రాసేది ఇక్కడ, అచ్చయ్యేది అక్కడ. పండేది ఇక్కడ, మిల్లాడేది అక్కడ. ఈ లెక్క మనకు కొత్తదా?

దాని మీద ప్రకృతి దెబ్బ. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన బందరును ముంచింది. ముప్పయి వేలమంది దాకా చనిపోయారని లెక్క. మనుషులే మిగలని చోట కాగితం మిగులుతుందా? 1977 నవంబరు 19న దివిసీమ మళ్లీ చూసింది అదే సముద్రాన్ని. ఇళ్లు, పశువులు, మనుషులతో పాటు పెట్టెల్లో దాచుకున్న తాటాకులు, పుస్తకాలు, పట్టాలు కొట్టుకుపోయాయి. కాగితం సాక్ష్యం ఏదని మనల్ని అడిగే చరిత్రకారుడు ముందు ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి.

అయినా ఈ సీమ ఊరుకోలేదు. వివేకవర్ధనికి రెండేళ్ల ముందే, 1872లో, బందరు నుంచి పురుషార్థప్రదాయిని వెలువడింది. నడిపింది ఉమారంగనాయకులు నాయుడు. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు కలిసి బందరులో కృష్ణాపత్రిక పెట్టారు. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాన్ని మోసింది ముట్నూరి కృష్ణారావు, మన దివి తాలూకా బిడ్డ. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం మాట గట్టిగా లేచినప్పుడు ఆ మాటను ఊరూరికీ మోసుకెళ్లినవి ఇలాంటి పత్రికలే. చేతిలో అచ్చు లేని ఉద్యమం లేదు. అందుకే చెబుతున్నాం, అచ్చు చరిత్ర అలమరలో పెట్టుకునే ముచ్చట కాదు.

చల్లపల్లి కాగితం రెండు ముఖాలు

మళ్లీ చల్లపల్లికి వద్దాం. పెదప్రోలు కాసుల పురుషోత్తమ కవి దేవరకోట జమీందారు ఆశ్రయంలో ఉన్న కవి. ఆంధ్రనాయక శతకం రాశాడు. శ్రీకాకుళం దేవుణ్ణి తిడుతున్నట్టే పొగిడాడు. ఆ శతకం తాటాకు మీద నుంచి అచ్చులోకి ఎప్పుడు ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఎన్ని ప్రతులు వేశారు, ఎంతకు అమ్మారు? తిరునాళ్లలో కొనుక్కుని కంఠతా పట్టిన జనం ఎవరు? కవి మీద వ్యాసాలున్నాయి. పుస్తకం మీద ఒక్క వ్యాసం చూపించండి.

కాగితానికి రెండో ముఖం ఉంది. జమీందారీ ఎస్టేటు నడిచింది కాగితం మీద. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద రైతుకు పట్టా, రసీదు ఇవ్వాలి. రసీదు మీద అచ్చు అక్షరం. చదవలేని రైతు చేతిలో ఆ అక్షరం. అందులో ఏముందో చెప్పేది కరణం. ఆ అచ్చు రైతును కట్టేసింది. 1942లో బెజవాడలో ప్రజాశక్తి మొదలైంది. కరపత్రాలు గోనెసంచుల్లో, సైకిళ్ల మీద ఊళ్లలోకి వచ్చాయి. చల్లపల్లి జమీందారీ భూముల మీద పోరాటం నడిచింది. ఆ అచ్చు రైతు కట్లు విప్పింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

ఒకే సీసం. ఒకే సిరా. ఒక కాగితం లాక్కుంది, ఒక కాగితం ఇచ్చింది. ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూపించే గది ఒక్కటి కృష్ణా జిల్లా పల్లెటూళ్లలో ఉందా?

రెండుసార్లు మూట వదిలేసి వచ్చాం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. కర్నూలు గుడారాల్లో సర్కారు పెట్టుకున్నాం. బ్రౌన్ సేకరించిన ప్రతులున్న ప్రాచ్యలిఖిత గ్రంథాలయం మద్రాసులో ఉంది. కంపెనీ నాటి దస్త్రాలూ అక్కడే ఉన్నాయి. 1956 తర్వాత హైదరాబాదులో మళ్లీ పోగేసుకున్నాం. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయాం. ఉద్యోగుల పంపకం మీద, భవనాల పంపకం మీద, నీళ్ల పంపకం మీద ఎంత రచ్చ చేశామో అందరికీ తెలుసు. పాత పుస్తకాల మీద, పాత పత్రికల సంపుటాల మీద ఒక్క బంద్ చేశామా? ఒక్క రాస్తారోకో?

ఈ విషయంలో తెలంగాణ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. చెప్పడానికి మాకు నామోషీ లేదు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక తీసి 354 మంది కవుల్ని వరసగా నిలబెట్టాడు. 1922లో ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. ఆ సంగతి వాళ్ల పిల్లలకు తెలుసు. ఎందుకంటే వాళ్లు లెక్క పెట్టుకున్నారు. అవమానానికి జవాబుగా లెక్క చూపించారు. మనం? 'మాకు అన్నీ ఉన్నాయి' అన్న ధీమాలో ఏదీ లెక్కపెట్టలేదు. ధీమా ఉన్న ఇంట్లోనే ముందు దొంగలు పడతారు.

లెక్క దొరకదా? దొరుకుతుంది!

'ఆధారాలు లేవు' అన్నది సోమరి మాట. 1867లో తెల్లదొరతనం పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. మనమీద ప్రేమతో కాదు, మన అచ్చు మీద ఓ కన్నేసి ఉంచడానికి. ఆ చట్టం ప్రకారం ప్రతి ప్రెస్సూ తను వేసిన పుస్తకం సర్కారుకు అప్పగించాలి. మూడు నెలలకోసారి జాబితా అచ్చయ్యేది. అందులో ఏముంటాయి? పుస్తకం పేరు, భాష, రచయిత, అచ్చయిన ఊరు, ప్రెస్సువాడి పేరు, పేజీలు, ఎన్ని ప్రతులు, ధర ఎంత. అన్నీ! మన మీద నిఘాకు రాసుకున్న చిట్టాయే ఇవాళ మనకు సాక్ష్యం. ఆ జాబితాలు చెన్నైలో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లి ఊళ్ల వారీగా వాటిని ఎత్తి రాసుకోవడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదు. నలుగురు పిల్లలు, ఇద్దరు పంతుళ్లు, రైలు టికెట్లు కావాలి.

ఇక్కడ ఒకాయన లేచి అంటాడు: 'కాలవకు నీళ్లు రాక చివరి ఆయకట్టు ఎండుతుంటే, ఉప్పునీరు పైకి వస్తుంటే, మీకు పాత అచ్చు కావలసివచ్చిందా?' మంచి ప్రశ్న. దాటవేయం. బాబూ, చివరి ఆయకట్టు హక్కు దేని మీద నిలబడి ఉంది? కాగితం మీద. నీ తాత కౌలుదారని చెప్పేది కాగితం. నీ ఊరు ఉప్పెనలో మునిగిందని చెప్పేది కాగితం. కాగితం పోగొట్టుకున్నవాడు కచేరీలో ఎలా నిలబడతాడో నీకు మాకన్నా బాగా తెలుసు. ఒక మనిషికి పట్టా ఎలాగో ఒక సీమకు చరిత్ర అలాగ. అది పక్కవాడి బీరువాలో ఉంటే మన మాట చెల్లదు.

కాబట్టి మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మచిలీపట్నంలో కృష్ణా జిల్లా అచ్చు భాండాగారం ఒకటి పెట్టాలి. ఉప్పెన నీళ్లు అందని అంతస్తులో పెట్టాలి, కింది గదిలో కాదు. ఇళ్లలో మిగిలిన పాత పత్రికల సంపుటాలన్నిటికీ ఫొటో నకళ్లు తీయించి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఊరూరా మిగిలిన ట్రెడిళ్లు, కేసులు, అద్దకం చెక్కలు తూకానికి పోకముందే కొనాలి. బతికున్న కంపోజిటర్ల నోటి మాట రికార్డు చేయాలి. తలకిందులుగా ఉన్న అక్షరాన్ని వేలితో తడిమి గుర్తుపట్టిన చివరి తరం అది. వాళ్లు పోతే ఆ విద్య చెప్పేవాడుండడు. బడి పుస్తకంలో బ్రౌన్ పక్కన మామిడి వెంకయ్య పేరు పెట్టాలి. పక్కన అంటున్నాం, కింద కాదు.

సర్కారు చేస్తుందా? అడుగుదాం. అడిగి ఊరుకోవద్దు. ఈ ఆదివారం మీ ఇంటి అటక ఎక్కండి. పాత శుభలేఖ, హరికథ పుస్తకం, శిస్తు రసీదు, నాటకం కరపత్రం, ఏది దొరికినా అడుగున చిన్నక్షరాల్లో చూడండి. ప్రెస్సు పేరు, ఊరు పేరు ఉంటాయి. ఒక నోటు పుస్తకంలో రాయండి. కాగితాన్ని ఎండలో కాదు, నీడలో ఆరబెట్టండి.

సీసం తూకానికి అమ్ముకున్నాం, అది ఎలాగూ తిరిగి రాదు. పేర్లు ఇంకా అటక మీద ఉన్నాయి. చెద కన్నా ముందు మనం ఎక్కాలి.